అవయవమా, సభ్యుడా? డచ్చి భాషలోని ‘లిడ్’ అను పదముపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయములో సంఘమును క్రీస్తు శరీరముగాను, విశ్వాసులను ఆ శరీరపు అవయవములుగాను వర్ణించిన సంగతి మనకందరికి తెలిసినదే. రోమా 12వ అధ్యాయములోను, ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలోను ఇదే పోలిక కనబడుతున్నది. ఈ వాక్యభాగముపై ప్రసంగించని కాపరి ఉండడు. అయితే ప్రసంగ వేదిక మీద ‘అవయవము’ అని చెప్పే మనము, ఆరాధన ముగిసి సంఘ కార్యాలయములో కూర్చున్నప్పుడు అదే వ్యక్తిని ‘సభ్యుడు’ అని పిలుస్తాము. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమును గూర్చి మనము ఎక్కువగా ఆలోచించము.

డచ్చి భాషలో ఈ దూరము లేదు. చేయి, కాలు మొదలైన అవయవమునకును, సంఘ సభ్యునికిని ఆ భాషలో ఒకే మాట ఉన్నది. ఆ మాట ‘లిడ్’. మన తీరమునకు డచ్చివారు క్రొత్తవారు కారు. 17వ శతాబ్దపు ఆరంభములో వారి తూర్పు ఇండియా కంపెనీ మచిలీపట్నములో వర్తక స్థావరము నెలకొల్పినది. ‘హాలండు’ అను పేరు మన నోట ‘వలంద’గా మారి, ఆ ఊరిలోని వలందపాలెము అను పేటలో నేటికిని నిలిచియున్నది. కాని ఈ వ్యాసములో మేము పరిశీలింపగోరునది వారి వర్తకమును గాక, వారి భాషలోని ఈ ఒక్క మాటను. అది శరీరములో పుట్టి, సంఘములోనికి వచ్చి, అక్కడనుండి లోకములోనికి ఎట్లు వెళ్లినదో, దాని ప్రయాణము మన సంఘములకు ఏమి నేర్పుచున్నదో చూతము.

1. కీలు నుండి అవయవమునకు

‘లిడ్’ అని వ్రాసినను డచ్చివారు దానిని ‘లిట్’ అని పలుకుతారు. బహువచనము ‘లేడెన్’. ఇది జర్మానిక్ భాషల పురాతన సొత్తు. గోతిక్ భాషలో ‘లిథుస్’, ప్రాచీన ఆంగ్లములో ‘లిథ్’, జర్మన్ భాషలో ‘గ్లీడ్’ దీని సోదర పదములు. ఆంగ్లేయులు తమ పాత మాటను దాదాపు మరచిపోయి, లాటిను ‘మెంబ్రుమ్’ నుండి ఫ్రెంచి ద్వారా వచ్చిన ‘మెంబర్’ను స్వీకరించారు. డచ్చివారు మాత్రము ఇంటి మాటనే నిలుపుకొన్నారు.

ఈ పదమునకు అవయవము అను అర్థముతోపాటు కీలు, కణుపు అను అర్థములు కూడ ఉన్నవి. వ్రేలిలోని ఒక్కొక్క కణుపు ఒక ‘లిడ్’. చేయి కీలు తప్పినయెడల అది ‘లిడ్ నుండి బయటికి’ వచ్చినదని అంటారు. సైనికులు బారులు తీరిన వరుసను ‘ఖెలిడ్’ అంటారు. చట్టములోని ఒక అనుచ్ఛేదమును భాగములుగా విభజించినప్పుడు ఒక్కొక్క ఉపభాగమును కూడ ‘లిడ్’ అంటారు. 1637లో వెలువడిన ప్రసిద్ధ డచ్చి బైబిలు తర్జుమాలో నిర్గమకాండము 20వ అధ్యాయమున మూడు నాలుగు తరముల ప్రస్తావన వచ్చినచోట ‘తరము’ అనుటకు ఇదే ‘లిడ్’ను వాడారు. తండ్రి, కుమారుడు, మనుమడు ఒకే వెన్నెముకలోని కణుపులవలె ఒకరికొకరు అతుకబడియున్నారన్నమాట.

ఈ అర్థములన్నిటిని కలిపి చూచినయెడల ఒక సంగతి తేటపడుతున్నది. ‘లిడ్’ అనగా కేవలము ఒక ముక్క కాదు. వేరొకదానితో కీలుచేత కలిసియుండు భాగము. కణుపు ఒంటరిగా ఉండదు; వరుసలోని సైనికుడు వరుస లేకుండ ‘ఖెలిడ్’ కాడు. కలిసియుండుట ఆ మాటలోనే ఇమిడియున్నది. జర్మన్ భాషలో సభ్యుని ‘మిట్‌గ్లీడ్’ అంటారు. దానిని విడదీసినయెడల ‘తోటి అవయవము’ అని వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. డచ్చి భాషలో కనురెప్పను ‘ఓఖ్‌లిడ్’ అంటారు. అయితే ఈ ‘లిడ్’ వేరు. ఇది ‘మూత’ అను అర్థముగల మరియొక పాత మాట. ఆంగ్లములో గిన్నె మూతకు వాడే ‘లిడ్’ దీని సోదరుడే. అలాగే ‘శ్రమపడుట’ అను అర్థముగల ‘లెయ్‌డెన్’ అను క్రియకు భూతకాల బహువచన రూపము ‘లేడెన్’. కనుక డచ్చి భాషలో ‘అవయవములు’ అను మాటయు ‘శ్రమపడ్డారు’ అను మాటయు అచ్చుగ్రుద్దినట్లు ఒక్కటే. ఒక అవయవము శ్రమపడినప్పుడు అన్నియు శ్రమపడునని పౌలు చెప్పిన మాటను (1 కొరింథీ 12:26) బోధించు వానికి ఇది గొప్ప శోధన! కాని రెండు మాటల ధ్వని కలిసినంత మాత్రమున వాటి మూలము ఒకటి కాదు. జేమ్స్ బార్ 1961లో ప్రచురించిన గ్రంథములో బైబిలు పండితులకు చేసిన హెచ్చరిక ఇటువంటిదే: మాట యొక్క పుట్టుకనుబట్టి సిద్ధాంతమును కట్టరాదు, ఆ మాట వాడుకలో ఏ అర్థమునిచ్చుచున్నదో చూడవలెను. కావున మేమును ‘లిడ్’ యొక్క పుట్టుక దగ్గర ఆగక, దాని వాడుకను పరిశీలింతుము.

2. ఒక్క అచ్చు తేడా: ‘లిడ్మాట్’, ‘లేడెమాట్’

మధ్యయుగపు డచ్చి భాషలో ‘లిడ్’ను పొడిగించిన మరియొక రూపము ఉండెను. జర్మన్ భాషలో కాలుసేతులను ‘గ్లీడ్‌మాసెన్’ అనుట దీనికి సమానము. ఆ ఒక్క మాటే కాలక్రమమున రెండుగా చీలినది. ‘లేడెమాట్’ అనగా చేయి లేక కాలు. ‘లిడ్మాట్’ అనగా సంఘమునకు చెందిన వ్యక్తి. మొదట రెండింటి అర్థమును అవయవమే. ఇప్పుడు వైద్యుడు ఒక రూపమును, కాపరి మరియొక రూపమును వాడుచున్నారు.

‘లిడ్మాట్’ను సంఘ భాషలో స్థిరపరచినవాటిలో 1563 నాటి హైడెల్‌బర్గు ప్రశ్నోత్తరి ముఖ్యమైనది. జర్మన్ భాషలో పుట్టిన ఈ ప్రశ్నోత్తరి డచ్చి సంస్కరణ సంఘములలో తరతరములుగా బోధింపబడినది. దాని 54వ ప్రశ్న సార్వత్రిక సంఘమును గూర్చినది. అందుకు జవాబిచ్చు విశ్వాసి తాను ఆ సంఘములో సజీవమైన అవయవమునని ఒప్పుకొనుచున్నాడు. డచ్చి పాఠములో ఈ చోట ‘లిడ్మాట్’ అని ఉన్నది. ‘సజీవమైన’ అను విశేషణమును గమనింపవలెను. పుస్తకములోని పేరుకు ప్రాణము ఉండదు, అవయవమునకు ఉండును. 55వ జవాబు మరియొక అడుగు ముందుకు వేయుచున్నది: ప్రతి ఒక్కరును తమ వరములను మిగిలిన అవయవముల మేలు కొరకు ఇష్టపూర్వకముగా వాడుట తమ విధియని తెలిసికొనవలెను.

3. అవయవము పుస్తకములోనికి ఎక్కుట

డోర్ట్ పట్టణములో 1618-19 సంవత్సరములలో జరిగిన మహాసభ ఒక సంఘ క్రమమును ఏర్పరచినది. దానిలోని కొన్ని నిబంధనలు మన విషయమునకు సంబంధించినవి. 60వ నిబంధన ప్రకారము బాప్తిస్మము పొందినవారి పేర్లు వ్రాసి ఉంచవలెను. 61వ నిబంధన ప్రకారము విశ్వాసమును ఒప్పుకొని, మంచి నడవడిగలవారని పేరు పొందినవారినే ప్రభువు బల్లకు చేర్చుకొనవలెను. 82వ నిబంధన ప్రకారము సంఘమును విడిచి వేరొక ఊరికి వెళ్లువారికి వారి ఒప్పుకోలును, నడవడిని తెలుపు సాక్ష్యపత్రము ఇయ్యవలెను. వెంటనే వచ్చు 83వ నిబంధన, తగిన కారణముచేత ఊరు మారు బీదలకు పరిచారకులు ప్రయాణపు ఖర్చు ఇయ్యవలెనని చెప్పుచున్నది.

ఈ రెండు చివరి నిబంధనలను పక్కపక్కన ఉంచి చదువుట మేలు. ఒకటి కాగితము, రెండవది దారి ఖర్చు. ఊరు మారినంత మాత్రమున విశ్వాసి శరీరమునుండి ఊడిపోలేదని చెప్పుటకు రెండును కావలసివచ్చినవి.

ఈ విధముగా డచ్చి సంఘములలో బాప్తిస్మపు పుస్తకము, వివాహ పుస్తకములతోపాటు ‘లిడ్మాట్’ల పుస్తకము కూడ ఉండుట ఆచారమైనది. బాప్తిస్మము పొందినవాడు వేరు, ఒప్పుకోలు చేసి బల్లకు చేరినవాడు వేరు అను భేదము దీనివలన బలపడినది. 2004లో మూడు సంఘములు ఏకమై ఏర్పడిన నెదర్లాండ్స్ ప్రొటెస్టెంటు సంఘములో కూడ ‘డోప్‌లేడెన్’, అనగా బాప్తిస్మపు అవయవములు, ‘బెలెయ్‌డెండె లేడెన్’, అనగా ఒప్పుకోలు చేసిన అవయవములు, అను రెండు తరగతులు ఉన్నవి.

పుస్తకము మంచిదే. ఎవరి ఆత్మలకు తాను లెక్క అప్పగింపవలెనో కాపరికి తెలియవలెను గదా. కాని పుస్తకము వచ్చిన చోటికి అధికారము కూడ వచ్చును. కంపెనీ పాలనలోనున్న సిలోను ద్వీపములో లోక సంబంధమైన ప్రయోజనముల కొరకు బాప్తిస్మము పొందినవారు అనేకులు. బల్లకు చేర్చబడిన ‘లిడ్మాట్’లు బహు కొద్దిమంది. నెదర్లాండ్సులోనే 1880ల నాటి ఆంస్టర్‌డామ్ వివాదములో, ఉదారవాద కాపరులయొద్ద శిక్షణ పొందినవారు వేరొకచోట ఒప్పుకోలు చేయుటకు నడవడి పత్రములు ఇయ్యవలెనా వద్దా అన్నది ఒక ముఖ్య సమస్య. 1886 జనవరిలో అబ్రాహాము కైపర్‌తో సహా 80 మంది సంఘ పెద్దలను, కాపరులను, పరిచారకులను పై అధికారులు పదవులనుండి నిలిపివేశారు. ఆ సంవత్సరమే సంఘము చీలినది. అవయవము ఎవరు, ఆ మాట చెప్పు అధికారము ఎవరిది అన్న ప్రశ్న ఆ చీలికకు దారితీసిన వాటిలో ఒకటి.

4. సంఘము నుండి సమాజమునకు

ఈనాటి డచ్చి వాడుకలో ‘లిడ్’ అనగానే వినువానికి చేయి కాలు జ్ఞాపకము రావు. గ్రంథాలయములో చేరినవాడు ‘లిడ్’. ఆటల క్లబ్బులో, రాజకీయ పక్షములో, కార్మిక సంఘములో చేరినవాడును ‘లిడ్’. వారి రాజ్యాంగపు 51వ అనుచ్ఛేదములో ఒక విచిత్రమున్నది. దాని రెండవ ‘లిడ్’ (ఉపభాగము) పార్లమెంటు రెండవ సభలో 150 మంది ‘లేడెన్’ (సభ్యులు) ఉండవలెనని చెప్పును. చట్టపు ముక్కకును, చట్టము చేయు మనిషికిని ఒకే పేరు. సభ్యత్వమును మానుకొనుటకు వారు ఏ క్రియను వాడుదురో, వార్తాపత్రిక చందాను మానుకొనుటకును అదే క్రియను వాడుదురు.

శరీర సంబంధమైన అర్థము కొన్ని నానుడులలో మాత్రము మిగిలియున్నది. ఒకడు బయటికి ఆరోగ్యముగా కనబడుచు, లోపల జబ్బు మొదలైనప్పుడు అతనికి ‘అవయవముల క్రింద ఏదో ఉన్నది’ అని డచ్చివారు అంటారు. ఇంకను బయటపడని వ్యాధి అని దాని భావము.

ఈ మార్పు బైబిలు తర్జుమాలను కూడ తాకినది. 1637 నాటి తర్జుమా, 1951 నాటి తర్జుమా 1 కొరింథీ 12:12లో ‘లేడెన్’ అనే వాడినవి. 2004లో వెలువడిన నూతన తర్జుమా ఆ చోట ‘డేలెన్’, అనగా ‘భాగములు’ అని మార్చినది. కారణము ఊహించుట కష్టము కాదు. ‘శరీరమునకు అనేక లేడెన్ ఉన్నవి’ అనినచో నేటి పాఠకునికి ఏదో సంస్థ సభ్యుల జాబితా తలపునకు రావచ్చును. పౌలు శరీరమునుండి తీసికొని సంఘమునకు అన్వయించిన మాట, ఈ చోట శరీరమును వర్ణించుటకు పనికిరాకుండ పోయినది. ఒక పోలిక ఎక్కువగా విజయము పొందినయెడల అది పోలికయని ఎవరికిని తోచదు. డచ్చివారి ‘లిడ్’కు జరిగినది ఇదే.

5. ఒకే మాట, రెండు బల్లలు

మాట ఒక్కటైనంత మాత్రమున జీవితము ఒక్కటి కాదనుటకు దక్షిణ ఆఫ్రికా సాక్ష్యము. అక్కడి డచ్చి వలసదారుల భాషనుండి వచ్చిన ఆఫ్రికాన్స్ భాషలో సంఘ సభ్యుని ఇప్పటికిని ‘లిడ్మాట్’ అనే అంటారు. 1829లో కేప్ ప్రాంతపు డచ్చి సంస్కరణ సంఘ మహాసభ, ప్రభువు బల్లను శరీర వర్ణ భేదము లేకుండ అందరికిని ఒకేసారి ఇయ్యవలెనని తీర్మానించినది. 1857 మహాసభలో స్వరము మారినది. అన్యజనులలోనుండి వచ్చినవారిని ఉన్న సంఘములలోనే చేర్చుకొనుట వాక్యానుసారమని ఒప్పుకొనుచునే, కొందరి బలహీనతనుబట్టి వారికి వేరుగా ఆరాధన జరుపవచ్చునని అనుమతించినది. 1881 నాటికి మిశ్రమ జాతివారికి వేరుగా ఒక మిషను సంఘము ఏర్పడినది. 1968లో భారతీయుల కొరకు మరియొకటి వెలసినది. 1860 మొదలు నాటాలు చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్లిన భారతీయులలో మన తెలుగువారును ఉన్నారని ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను.

‘కొందరి బలహీనత’ అను మాటను ఆలోచించండి. పౌలు చెప్పినది బలహీనములుగా కనబడు అవయవములు మరి అవసరమైనవని (12:22). కేప్ మహాసభలో బలహీనులు ఎవరు? తమ పక్కన నల్లవాడు కూర్చుండుట సహింపలేని బలవంతులే! వారి బలహీనతకు మర్యాద చేయుటకు మిగిలిన అవయవములను వేరుచేసినారు. చేతితో ‘నీవు నాకక్కరలేదు’ అనజాలని కన్ను, ఇక్కడ ఆ మాట చట్టబద్ధముగా పలికినది. ఆ మిషను సంఘమే 1982లో బెల్‌హార్ అను స్థలములో ఐక్యతను, సమాధానమును, న్యాయమును గూర్చి ఒక విశ్వాస ప్రమాణమును రూపొందించి, 1986లో దానిని అంగీకరించినది. నరికివేయబడిన అవయవమే శరీరమునకు దాని స్వభావమును జ్ఞాపకము చేసినది.

6. మన భాష, మన సంఘము

ఇప్పుడు తెలుగునకు వచ్చెదము. మన బైబిలులో ‘అవయవములు’, మన సంఘ నిబంధనలలో ‘సభ్యులు’. ‘సభ్యుడు’ అనగా సభకు చెందినవాడు, సభలో కూర్చుండ తగినవాడు. ఆ మాటనుండియే ‘సభ్యత’ వచ్చినది. దానికి వ్యతిరేకము ‘అసభ్యము’. అనగా మన మాట శరీరమునుండి గాక సభా మర్యాదనుండి పుట్టినది. సభలో ఎవరు కూర్చుండవచ్చును, ఎవరు గడప బయట నిలువవలెను అను ప్రశ్న ఆ మాట వెనుక దాగియున్నది. తరతరములుగా గడప బయట నిలిచిన జనులలోనుండి వచ్చినవారు మన సంఘములలో అత్యధికులు గనుక ఈ సంగతి మనకు మరి ఎక్కువగా తెలియవలెను. పౌలు చెప్పిన క్రమము దీనికి తలక్రిందులు. సుందరములు కాని అవయవములకే ఎక్కువ ఘనత కలుగవలెనని అతడు చెప్పుచున్నాడు (12:23). మన వాడుక ‘అసభ్యము’ అని మరుగుపరచు దానికి పౌలు శరీరములో గౌరవస్థానమిచ్చుచున్నాడు.

అట్లని తెలుగునకు శరీరపు పోలిక తెలియదని కాదు. ‘రాజ్యాంగము’, ‘శాసనాంగము’, ‘కార్యాంగము’, ‘న్యాయాంగము’ అని ప్రతిదినము వాడుచున్నాము. కౌటిల్యుని అర్థశాస్త్రము నాటినుండి రాజ్యమునకు ఏడు అంగములని చెప్పుట ఉన్నది. కాని మన వాడుకలో అంగమనునది సంస్థకు వచ్చినది గాని సామాన్య మనిషికి రాలేదు. శాసనసభ ఒక అంగము. అందులో కూర్చున్నవాడు సభ్యుడు మాత్రమే. పౌలు మాటలోని క్రొత్తదనము ఇక్కడనే మనకు తగులవలెను. కొరింథులోని దాసుడును, ఓడరేవు కూలివాడును స్వయముగా అవయవములు. వారు లేనియెడల క్రీస్తు శరీరము కుంటిది.

డచ్చివారికి ఒకే మాట ఉండి, అలవాటుచేత అందులోని శరీరము మాసిపోయినది. మనకు రెండు మాటలుండి, శరీరము ఆదివారమునకును, సభ మిగిలిన దినములకును పంచబడినది. రెండు దారులును ఒకే చోటికి చేరుచున్నవి: అవయవము పేరుగా మారుట. అయితే మనకొక మేలు ఉన్నది. ‘అవయవము’ అను మాట తెలుగులో ఇంకను అరిగిపోలేదు. అది విన్నప్పుడు చేయి, కాలు ఇప్పటికిని మన కండ్లయెదుట కనబడును. కావున మనము ఆ మాటను వేదిక మీదనుండి దించి కార్యాలయములోనికి తీసికొని పోవలెను.

ముగింపు

దీనిని ఆచరణలో ఎట్లు పెట్టవలెను? అనేక సంఘములలో కమిటీ ఎన్నికలకు ముందు జాబితా సరిచూచి, చందా బకాయి ఉన్నవారి పేర్లు కొట్టివేయుట వాడుక. నిబంధన అవసరమే కావచ్చును. కాని పేరు కొట్టివేయు కలము పట్టినవాడు, తాను చేయుచున్నది ‘సభ్యత్వము రద్దు’ కాదు, ఒక వ్రేలిని తీసివేయుట అని తలంచినయెడల, మొదట ఆ యింటికి వెళ్లి తలుపు తట్టును. మూడు నెలల కూలి దొరకక చందా కట్టలేకపోయిన విధవరాలు చందాదారుల పట్టికలో బకాయి; శరీరములోనైతే నొప్పి పెట్టుచున్న భాగము. ఒక్క చేతికి నొప్పి కలిగినప్పుడు రెండవ చేయి లెక్క అడుగదు, దానిని పట్టుకొనును.

హైదరాబాదుకో, గల్ఫు దేశములకో పనికి వెళ్లినవారి పేర్లు మన పుస్తకములలో ఏండ్ల తరబడి ఉండును. వారి సంగతి ఎవరికిని తెలియదు. వారికి బదిలీ ఉత్తరమిచ్చి, చేరిన ఊరి కాపరికి ఒక ఫోను చేసి, అవసరమైనయెడల దారి ఖర్చు కూర్చుట డోర్ట్ మహాసభ నాలుగు వందల ఏండ్ల క్రిందటనే నియమించిన పని. అది మన చేతిలో ఉన్న పనియే. అలాగే బల్లయొద్ద వరుసలు, సమాధి స్థలములో గోడలు, కులమునుబట్టి వేరైన ఆలయములు ఉన్నచోట ‘కొందరి బలహీనత’ అను నెపమును మరల వినకుండ జాగ్రత్తపడవలెను. అట్టి సంఘము బయటికి ఆరోగ్యముగానే కనబడవచ్చును. కాని డచ్చివారి నానుడి ప్రకారము దాని అవయవముల క్రింద ఏదో ఉన్నది.

సంఘ పుస్తకమును తెరచు ప్రతి కాపరియు, ప్రతి కార్యదర్శియు అందులోని పేర్లను చదువునప్పుడు తన చేతి వ్రేళ్లను ఒకసారి చూచుకొనుట మంచిది. వాటిలో ఏది అక్కరలేదని అతడు చెప్పగలడు?